మామిడి తాండ్రలో ఎన్ని అక్షరాలు?

ఆత్రేయపురంలో పూతరేకులు చేసే మా బాబాయి వాళ్ల షాపుకి ఆర్డర్లు తీసుకునే వెబ్‌సైట్ ఒకటి కట్టిచ్చాను. కట్టిచ్చిన వారానికి ఫోన్. "ఏరా అబ్బాయ్, డబ్బా మీద అంటించే చీటీలో తాండ్ అని వస్తోందేంట్రా? నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడినట్టుంది!" అన్నాడు. వెళ్లి చూస్తే నిజమే. చీటీ మీద జాగా తక్కువ కాబట్టి ఐటమ్ పేరు పన్నెండు అక్షరాలు దాటితే కోసెయ్యమని నేనే రాసిపెట్టాను. అది చెప్పింది చెప్పినట్టు కోసేసింది. "మామిడి తాండ్ర" కాస్తా "మామిడి తాండ్" అయింది, "బెల్లం పూతరేకులు" కాస్తా "బెల్లం పూతరే" అయింది, ఇంక "జీడిపప్పు పూ" అని వచ్చినదాన్ని చూసి షాపులో పిల్లలు రెండ్రోజులు నవ్వుకున్నారట.

మామిడి తాండ్రని వేళ్ల మీద లెక్కపెట్టండి. మా, మి, డి, తాం, డ్ర. ఐదు. మధ్యలో ఖాళీని కలిపితే ఆరు. పన్నెండు ఎక్కడ, ఆరు ఎక్కడ? అసలు కత్తెరే పడకూడదు కదా.

పడింది ఎందుకంటే జావాస్క్రిప్ట్‌లో లెంత్ అడిగితే దానికి 13 అని వస్తుంది. పీహెచ్‌పీలో ఎస్‌టీఆర్‌లెన్ అడిగితే 37. మనం లెక్కపెడితే ఆరు. ఈ మూడూ కరెక్టే, ఎవరూ తప్పు చెప్పడం లేదు, మూడు వేర్వేరు ప్రశ్నలకి మూడు జవాబులు. తెలుగుతో పనిచేసే వెబ్ డెవలపర్లకి వచ్చే తలనొప్పుల్లో చాలా మటుకు ఇక్కడే పుడతాయి, ఒక ప్రశ్న అడగాల్సిన చోట ఇంకో ప్రశ్న అడిగి జవాబు తెచ్చుకోవడం దగ్గర. ఆ తలనొప్పులన్నీ ఒక చోట రాసుకుంటే నాకూ పనికొస్తుంది, మీకూ పనికొస్తుందని ఇది. కోడ్‌ని ఇక్కడ తెలుగులోనే చదివి చెప్తున్నా, పక్క ఊరి ఫ్రెండ్‌కి ఫోన్లో చెప్పినట్టు. టైప్ చేసుకోవడం మీ పని.

మూడు లెక్కలు

కంప్యూటర్‌కి "డ్ర" అనే అక్షరం తెలియదు. దానికి తెలిసినవి మూడు ముక్కలు: డ, పొల్లు, ర. ఈ మూడూ వరసగా కనపడితే ఫాంటు వాటిని కలిపి డ కింద క్రావడి చుట్టి చూపిస్తుంది. అలాగే "తాం" అంటే త, దీర్ఘం, సున్నా. లోకంలోని లిపులన్నిటికీ నంబర్లిచ్చే ప్రమాణం పేరు యూనికోడ్. యూనికోడ్‌లో ఈ ముక్కల్ని కోడ్ పాయింట్లు అంటారు, తెలుగుకి 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా 128 గళ్లు కేటాయించారు. హల్లుకి ఒక గడి, గుడికి ఒక గడి, కొమ్ముకి ఒక గడి, పొల్లుకి ఒకటి. ఒత్తులకి మాత్రం గళ్లు లేవు. పొల్లు పక్కన హల్లు వస్తే అదే ఒత్తు. తలకట్టుకీ గడి లేదు, అది హల్లులోనే ఉంది.

ఈ ఏర్పాటు 1988 నాటి ఇస్కీ అనే భారతీయ ప్రమాణం నుంచి వచ్చింది. అన్ని లిపుల్నీ ఒకే వరసలో పేర్చారు. హిందీ క 0915, మన క 0సి15, చివరి రెండంకెలూ ఒకటే. అందుకే మన గళ్లలో ల పక్కనే ళ ఉంటుంది, ర పక్కనే ఱ ఉంటుంది, బళ్లో చదువుకున్న వర్ణమాలలోలాగా చివర్లో కాదు. ఊళ్ల పేర్ల జాబితాని ఉత్త సార్ట్‌తో పేర్చితే ఈ గళ్ల వరసలోనే వస్తుంది, పైగా ఇంగ్లిష్‌లో రాసిన పేర్లన్నీ తెలుగు కంటే ముందుకెళ్లి కూర్చుంటాయి.

అయితే మొదటి లెక్క కోడ్ పాయింట్లది. మామిడి తాండ్రకి ఖాళీతో కలిపి 13. రెండోది బైట్ల లెక్క. యూటీఎఫ్-8 అంటే ఈ ముక్కల్ని బైట్లుగా రాసే పద్ధతి, ఎన్‌కోడింగ్ అంటారు. యూటీఎఫ్-8లో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు, మన ముక్క ఒక్కోదానికి మూడు బైట్లు. పన్నెండు ముక్కలకి 36, ఖాళీకి ఒకటి, వెరసి 37. మూడోది మనిషి లెక్క, అంటే మనం నోటితో పలికే, బలపంతో దిద్దే అక్షరం. దీన్ని యూనికోడ్ వాళ్లు గ్రాఫీమ్ క్లస్టర్ అంటారు. నేను గుత్తి అంటాను, ముక్కలన్నీ ఒక కాడకి వేలాడుతుంటాయి కాబట్టి.

ద్రాక్షారామం తీసుకోండి. కోడ్ పాయింట్లు 12, బైట్లు 36, అక్షరాలు నాలుగు. మన పేర్లలో తేడా ఇంత ఉంటుంది. రాసేది ఇంగ్లిష్ అయితే మూడు లెక్కలూ ఒకటే వస్తాయి, అందుకే ఇంగ్లిష్‌తో టెస్ట్ చేసినవాడికి ఈ తేడా ఉన్నట్టే తెలియదు. వాడి తప్పు కాదు. ఇంగ్లిష్‌తోనే టెస్ట్ చేసి ఊరుకున్న నాది తప్పు.

కోయాల్సి వస్తే

స్ట్రింగ్‌ని స్లైస్‌తో కోస్తే కత్తి ముక్కల మధ్య ఎక్కడైనా దిగుతుంది. ముందు సగానికి పొల్లు వేలాడొచ్చు, తాండ్ లాగ. వెనక సగం ఇంకా దారుణం, అది గుడితోనో కొమ్ముతోనో మొదలైతే దాన్ని మోసే హల్లు ఉండదు కాబట్టి చుక్కలతో చేసిన ఒక గుండ్రాన్ని పెట్టి దాని మీద వేలాడదీస్తారు. ఎక్కడైనా మీ పేజీలో చుక్కల గుండ్రం కనపడిందంటే ఎవరో గుత్తిని మధ్యలోంచి తెంపారని అర్థం. పెళ్లి శుభలేఖల పేజీల్లో అక్షరాలు ఒక్కొక్కటే ఎగిరొచ్చి వాలే యానిమేషన్ పెడతారు చూడండి, అక్కడ ఇది తరచూ జరుగుతుంది. "శుభలేఖ" అనే మాటని ఖాళీ స్ట్రింగ్‌తో స్ప్లిట్ చేసి ఒక్కో దాన్నీ ఒక్కో స్పాన్‌లో పెడితే నాలుగు అక్షరాలకి బదులు ఆరు ముక్కలు వస్తాయి, అందులో రెండు చుక్కల గుండ్రాలు. పెళ్లికొడుకు తండ్రి దాన్ని చూశాక మీకు ఫోన్ రాకుండా ఉండదు.

ఇంకోటి, కస్టమర్ ఫొటో లేకపోతే గుండ్రటి బొమ్మలో పేరు మొదటి అక్షరం పెడతాం కదా. మొదటి ముక్క కోసం చార్‌యాట్ సున్నా అని అడిగితే కృష్ణ అనే అతనికి "క" వస్తుంది, జ్యోతి అనే ఆవిడకి "జ" వస్తుంది. ప్రాణం మీదికొచ్చే తప్పేం కాదు గానీ, తెలుగు చదివే మనిషికి అది తన పేరులా అనిపించదు. కృ రావాలి, జ్యో రావాలి.

దీనికి మందు జావాస్క్రిప్ట్‌లోనే ఉంది. ఇంటిఎల్ డాట్ సెగ్మెంటర్. దానికి భాష టీఈ అని, గ్రాన్యులారిటీ గ్రాఫీమ్ అని ఇచ్చి కొత్త వస్తువు ఒకటి చేసుకుని, దాని సెగ్మెంట్ ఫంక్షన్‌లో మీ స్ట్రింగ్ పెడితే గుత్తులు ఒక్కొక్కటే ఇస్తుంది. అర్రే డాట్ ఫ్రమ్‌తో వాటిని వరసగా తీసుకుని, ఎన్ని కావాలో అన్ని ఉంచుకుని, జాయిన్ చేసెయ్యండి. మూడు లైన్ల పని. క్రోమ్‌లో 2020 నుంచి, సఫారీలో 2021 నుంచి ఉంది, ఫైర్‌ఫాక్స్ మాత్రం 2024 దాకా నాన్చింది. పీహెచ్‌పీలో అయితే మూడు లెక్కలకీ మూడు ఫంక్షన్లు ఉన్నాయి: ఎస్‌టీఆర్‌లెన్ బైట్లకి, ముందు ఎంబీ తగిలిస్తే కోడ్ పాయింట్లకి, ముందు గ్రాఫీమ్ అని తగిలిస్తే అక్షరాలకి. ఈ మూడో దానికి ఇంటిఎల్ ఎక్స్‌టెన్షన్ వేసి ఉండాలి. కోయడానికీ ఇలాగే మూడు ఉన్నాయి. ఉత్త సబ్‌స్ట్ర్ వాడితే అది బైట్లలో కోస్తుంది, ముక్క కూడా మిగలదు, నల్ల డైమండ్‌లో ప్రశ్న గుర్తు మిగులుతుంది.

సెగ్మెంటర్ పెట్టాను, అయిపోయింది అనుకున్నాను. నా ఫోన్లో అన్నీ బాగున్నాయి, పిన్ని ఫోన్లో మాత్రం "డ్రైఫ్రూట్ బెల్లం పూతరేకులు" కాస్తా "డ్రైఫ్రూట్ బెల్లం పూత" అయింది. అదే కోడు, అదే పేరు. సగం రోజు పట్టింది కారణం దొరకడానికి. గుత్తి అంటే ఏమిటో చెప్పే రూలు 2023లో మారింది. అంతకు ముందు యూనికోడ్ రూలు ప్రకారం పొల్లు తర్వాత గుత్తి తెగొచ్చు, అంటే "డ్" ఒక గుత్తి, "ర" ఇంకోటి. ద్రాక్షారామం ఆ లెక్కలో ఆరు గుత్తులు: ద్, రా, క్, షా, రా, మం. 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌లో పొల్లు తర్వాత హల్లు వస్తే తెంపకూడదని కొత్త రూలు చేర్చారు, అదీ అన్ని లిపులకీ కాదు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళంతో పాటు తెలుగుకి. అచ్చం మనలాగే ఒత్తులు పెట్టే కన్నడానికి అప్పుడు ఇవ్వలేదు. పిన్ని ఫోన్లో బ్రౌజర్ అప్‌డేట్ అయి ఎన్నేళ్లయిందో ఆవిడకే తెలియదు, దానికి పాత రూలే తెలుసు.

కాబట్టి పాత ఫోన్ల కోసం ఒక చిన్న అతుకు వేసుకోవాలి: గుత్తులు తీసుకున్నాక ఏదైనా గుత్తి పొల్లుతో ముగిసి, దాని తర్వాతది తెలుగు హల్లుతో మొదలైతే ఆ రెంటినీ కలిపెయ్యండి. కొత్త ఫోన్లలో ఆ అతుకు ఏమీ చెయ్యదు, పాతవాటిలో కాపాడుతుంది.

ఇంత చెప్పాక అసలు సలహా. తెర మీద జాగా చాలక కోస్తున్నట్టయితే మీరు కోయకండి, సీఎస్‌ఎస్‌కి వదిలెయ్యండి. టెక్స్ట్ ఓవర్‌ఫ్లో ఎలిప్సిస్, దానికి తోడు ఓవర్‌ఫ్లో హిడెన్, వైట్ స్పేస్ నోర్యాప్. ఎందుకంటే జాగా అనేది అక్షరాల లెక్క కాదు, వెడల్పు లెక్క. "ఝ" పట్టే చోట "ర"లు రెండు పట్టొచ్చు. ఎన్ని అక్షరాలు పడతాయో లెక్కగట్టడం అనేదే ఇంగ్లిష్ టైప్‌రైటర్ కాలం నాటి ఆలోచన, దాన్ని నేను పట్టుకొచ్చి బాబాయి డబ్బా మీద పెట్టాను.

ఫారంలో మ్యాక్స్‌లెంత్ పెట్టేటప్పుడు కూడా గుర్తుంచుకోండి, అది కోడ్ పాయింట్ల లెక్కే, సరిగ్గా చెప్పాలంటే యూటీఎఫ్-16 ముక్కలు, తెలుగు వరకు రెండూ ఒకటే. పేరుకి పది చాలనుకుని పెడితే సుబ్బారావు గారు సరిగ్గా పట్టేస్తారు, వెంకటేశ్వర్లు గారు పదమూడు, బయటే నిలబడతారు.

చెడిపోయిన తెలుగు ఏ రంగులో ఉంది?

ఈ భాగం నాకు ఇష్టం, కాస్త ఆగుతాను. మా కొత్తపేటలో వైద్యుడు నాలుక చూసి జబ్బు చెప్పినట్టు, చెడిపోయిన తెలుగు ఎలా కనపడుతోందో చూసి ఎక్కడ చెడిందో చెప్పెయ్యొచ్చు. నాలుగు రకాలు.

ఖాళీ డబ్బాలు కనపడుతున్నాయా? సంతోషించండి, డేటా బాగానే ఉంది, చూసేవాడి దగ్గర తెలుగు ఫాంటు లేదు, అంతే. నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటి ఫాంటు ఒకటి పేజీలో పెట్టి పంపిస్తే సరిపోతుంది.

పేజీ నిండా "ఏ" లాంటి ఇంగ్లిష్ అక్షరం నెత్తిన గీతతో, పక్కనే డిగ్రీ గుర్తో ప్లస్ మైనస్ గుర్తో, మళ్లీ అదే జంట, మళ్లీ అదే, ఇలా ఉందా? అది యూటీఎఫ్-8 తెలుగే, కాకపోతే చదివేవాడు దాన్ని పాత విండోస్ ఇంగ్లిష్ ఎన్‌కోడింగ్ అనుకుని చదువుతున్నాడు. మన ముక్కలన్నీ ఈ0 అనే బైటుతో మొదలై, రెండో బైటు బీ0 గానీ బీ1 గానీ అవుతుంది. ఈ0ని ఆ ఎన్‌కోడింగ్‌లో చదివితే గీత పెట్టిన ఏ, బీ0 అంటే డిగ్రీ గుర్తు, బీ1 అంటే ప్లస్ మైనస్. అందుకే ప్రతిసారీ అదే జంట. ఇదీ బాగుపడే జబ్బే, పేజీ మొదట్లో మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8 ఉందో లేదో చూడండి. ఆ ట్యాగ్ మొదటి 1024 బైట్లలోపు ఉండాలి, పైన పేద్ద కామెంటు రాసి దాని కింద పెడితే లాభం లేదు. నెల చివర్లో ఆర్డర్ల సీఎస్‌వీ ఎక్సెల్‌లో తెరిచినప్పుడు కూడా ఇదే గోల. ఫైలు మొదట్లో ఎఫ్‌ఈఎఫ్‌ఎఫ్ అనే కనపడని గుర్తు ఒక్కటి రాసి పంపితే ఎక్సెల్ దారికొస్తుంది. బాబాయి లెక్కలు రాసే ఆయన నెలనెలా తిట్టేవాడు, ఈ ఒక్క గుర్తుతో ఆగాడు.

మూడోది, నల్ల డైమండ్‌లో ప్రశ్న గుర్తు. బైట్ల మధ్యలో ఎవరో కోశారు. పైన చెప్పిన సబ్‌స్ట్ర్ లాంటివి వెతకండి.

నాలుగోది, ఉత్త ప్రశ్నార్థకాలు. ముక్కకొకటి, వరసగా. దీనికి మందు లేదు. డేటాబేస్‌లో టేబులో కనెక్షనో లాటిన్-1 మీద ఉంది, అది తెలుగుని ఎలా దాచాలో తెలియక ఒక్కో ముక్కకీ ఒక్కో ప్రశ్నార్థకం రాసి, అసలుది పారేసింది. ఇప్పుడు ఎన్‌కోడింగ్ మార్చినా పాత వరసలు తిరిగి రావు. బ్యాకప్ ఉంటే ఉంది, లేకపోతే కస్టమర్లకి ఫోన్ చేసి అడ్రసు మళ్లీ అడగడమే.

మైఎస్‌క్యూఎల్‌లో ఇంకో తమాషా. అక్కడ యూటీఎఫ్‌8 అనే పేరుతో చాలా కాలం ఉన్నది అక్షరానికి మూడు బైట్ల దాకానే పట్టేది. మన తెలుగు మూడు బైట్లే కాబట్టి హాయిగా సరిపోతుంది, అన్నీ బాగున్నాయనుకుంటాం. ఎవరో కస్టమర్ "చాలా బాగున్నాయండీ" అని రాసి చివర్లో దండం ఎమోజీ పెడతాడు, దానికి నాలుగు బైట్లు, అక్కడ ఎర్రర్ వస్తుంది లేదా సెట్టింగుల్ని బట్టి అక్కడితో మాట తెగిపోతుంది. తెలుగు పట్టింది, దండం పట్టలేదు. పేరు చివర ఎంబీ4 ఉన్నదాన్ని వాడండి, వెర్షన్ 8 నుంచి అదే డిఫాల్టు.

కనపడనివి

బాబాయి సైటులో వెతుకులాట డబ్బా ఒకటి పెట్టాను. "డ్రైఫ్రూట్ పూతరేకులు" అని కొడితే ఉన్న ఐటమే లేదంటోంది. రెండు పేర్లనీ పక్కపక్కన పెట్టి చూశాను, నూటికి నూరు పాళ్లు ఒకటే. ఈక్వల్ టు పెట్టి అడిగితే కాదంటోంది. పిచ్చెక్కింది.

తెలుగు గళ్లలో "ఐ" గుర్తుకి మాత్రం ఒక విశేషం ఉంది. దాన్ని ఒకే ముక్కగా 0సి48 అని రాయొచ్చు, లేదా ఎత్వం 0సి46 రాసి దాని కింద తగిలే 0సి56 అనే ముక్కని విడిగా రాయొచ్చు. తెర మీద రెండూ ఒకటే. యూనికోడ్ దృష్టిలో కూడా రెండూ సమానమే, కానీ స్ట్రింగుల్ని పోల్చే ఈక్వల్ టుకి అదేం పట్టదు, బైట్లు చూసి వేరంటుంది. రెండు ముక్కలది ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, ఐటమ్ పేర్లని నేను ఫొటోల ఫైల్ పేర్లలోంచి తీసుకున్నాను, ఫొటోలు ఒక పాత మ్యాక్‌లోంచి వచ్చాయి, పాత మ్యాక్‌లు ఫైల్ పేర్లని ఇలా విడదీసే దాచేవి. మందు ఒక్క మాట: డేటాబేస్‌లోకి వెళ్లే ప్రతి పేరునీ, వెతికే ప్రతి మాటనీ డాట్ నార్మలైజ్‌లో ఎన్‌ఎఫ్‌సీ పెట్టి పంపండి, విడి ముక్కల్ని అది ఒకటిగా కలుపుతుంది.

ఇంకో కనపడని మనిషి 200సి, సున్నా వెడల్పు విడదీత గుర్తు. "హోమ్‌డెలివరీ" అని రాసినప్పుడు మ్ పక్కన డె విడిగా నిలబడాలంటే మధ్యలో ఇది ఉండాలి, లేకపోతే "హోమ్డెలివరీ" అయి మ కింద డ ఒత్తు దూరుతుంది. ఫోన్ కీబోర్డులు కొన్ని దీన్ని వాటంతట అవే పెడతాయి, కొన్ని పెట్టవు. కాబట్టి ఒకరు రాసిన "వెబ్‌సైట్" ఇంకొకరు వెతికిన దాంతో కలవదు. వెతకడానికి వాడే కాపీలో 200సి, దాని జంట అయిన కలిపే గుర్తు 200డి, రెంటినీ తీసెయ్యండి, చూపించే కాపీలో మాత్రం ముట్టుకోకండి, మాటలు వికారంగా అతుక్కుంటాయి. ట్రిమ్ చేస్తే పోతుందనుకుంటారు, పోదు, ట్రిమ్ దృష్టిలో అది ఖాళీ కాదు.

ఈ గుర్తు ఎంత పని చేసిందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. జ, పొల్లు, ఞ, ఈ 200సి, ఆపైన దీర్ఘం, ఈ వరస ఉన్న మెసేజ్ వస్తే చాలు ఐఫోన్లలో ఆ యాప్ కూలిపోయేది. చూడ్డానికి అది "జ్ఞా", జ్ఞానంలో మొదటి అక్షరం. మన అక్షరం ఒకటి లోకంలో ఇంత పేరు తెచ్చుకోవడం చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆపిల్ వాళ్లు ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేశారు.

పేరు సరిగ్గా ఉందా లేదా అని రెగెక్స్‌తో, అంటే అక్షరాల నమూనాతో, చూసేవాళ్లకి ఒక మాట. జావాస్క్రిప్ట్‌లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూకి తెలుగు అసలు కనపడదు. బ్యాక్‌స్లాష్ పీ బ్రేసుల్లో ఎల్ అని పెడితే హల్లులూ అచ్చులూ ఒప్పుకుంటుంది గానీ గుడి, కొమ్ము, పొల్లు వీటిని యూనికోడ్ అక్షరాలనదు, మార్కులంటుంది, అవి ఎమ్ కిందికి వస్తాయి. ఎల్ ఒక్కటే పెడితే "రమ" పాసవుతుంది, "రాము" ఫెయిలవుతుంది. ఎల్, ఎమ్, 200సి, ఖాళీ, చుక్క ఇవన్నీ ఒప్పుకోండి, చివర యూ ఫ్లాగ్ మర్చిపోకండి. చుక్క ఎందుకంటే మనకి పి.గన్నవరం ఉంది, ఐ.పోలవరం ఉంది.

బైట్లకి డబ్బు కట్టే చోట్లు

లింకుల్లో తెలుగు పెడితే ఒక్కో బైటూ పర్సెంట్ గుర్తుతో కలిపి మూడక్షరాలవుతుంది, అంటే ముక్కకి తొమ్మిది. "పూతరేకులు" అనే ఐదక్షరాల మాట లింకులో 81 అక్షరాలు. వాట్సాప్‌లో పంపితే అదేదో మోసం లింకు అనుకుని ఎవరూ నొక్కరు. వర్డ్‌ప్రెస్ అయితే లింకు చివర వచ్చే పేరుని, అంటే స్లగ్‌ని, ఈ పర్సెంట్ల రూపంలోనే 200 అక్షరాల గడిలో దాస్తుంది, అంటే తెలుగు టైటిల్లో 22 ముక్కల దాకానే పడుతుంది, మిగతాది పోతుంది. లింకు వరకు ఇంగ్లిష్ అక్షరాల్లో పూతరేకులు అని రాసుకోవడమే మేలు, దీంట్లో భాషాభిమానానికి వచ్చిన నష్టమేం లేదు.

ఎస్‌ఎంఎస్ సంగతి నేరుగా జేబుకి తగిలేది. ఇంగ్లిష్ మెసేజ్‌లో 160 అక్షరాలు పడతాయి. ఒక్క తెలుగు ముక్క చేరినా మెసేజ్ మొత్తం వేరే ఎన్‌కోడింగ్‌కి మారి 70కి పడిపోతుంది, 71 అయితే రెండు మెసేజ్‌లు, అప్పుడు ఒక్కోదానిలో 67. ఇక్కడ లెక్క అక్షరాలది కాదు, ముక్కలది, కాబట్టి 70లో మాటలు కొన్నే పడతాయి. సరే, తెలుగు వద్దు ఇంగ్లిష్‌లోనే పంపుదాం అని మార్చాను, అయినా బిల్లు తగ్గలేదు. చూస్తే ధర ముందు రూపాయి గుర్తు పెట్టాను. ఆ గుర్తు పాత ఎస్‌ఎంఎస్ అక్షరాల్లో లేదు, అదొక్కటే చాలు మెసేజ్‌ని 70కి దించడానికి. ఆర్‌ఎస్ అని రాశాను, బిల్లు దిగింది.

తెర మీద చూపించేటప్పుడు మాత్రం గుర్తు పెట్టుకోండి, నంబర్ ఫార్మాట్‌కి టీఈ-ఐఎన్ అని ఇస్తే లక్షల చోట కామా సరిగ్గా పెడుతుంది, 12,34,567 అని. అంకెలు మామూలువే వస్తాయి.

ఇక రూపం గురించి నాలుగు మాటలు. లైన్ హైట్ 1.2 అనేది ఇంగ్లిష్‌కి. మనకి "రాష్ట్రం" అని రాస్తే ష కింద ట, దాని పక్కన క్రావడి, ఇంత సంసారం కింద ఉంటుంది. 1.6కి తగ్గకండి, బటన్లకి ఎత్తు పిక్సెళ్లలో బిగించకండి, ఒత్తులు కోసుకుపోతాయి. లెటర్ స్పేసింగ్ జోలికి పోవద్దు. హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగ్‌లో ల్యాంగ్ టీఈ అని రాయండి, చూపులేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ తెలుగు గొంతు ఎంచుకోవడానికి అదే ఆధారం. ఫాంట్ల వరసలో చివర్న నిర్మల యూఐ, గౌతమి రెండూ పెడుతుంటాను. గౌతమి విండోస్ ఎక్స్‌పీ కాలం నాటిది, చూడ్డానికి సన్నగా ఉంటుంది, అయినా ధవళేశ్వరం దిగువన విడిపోయే మన పాయ పేరు పెట్టుకున్న ఫాంటుని జాబితాలోంచి తియ్యడానికి నాకు చెయ్యి రాదు.

టెస్ట్ చెయ్యడానికి ఇప్పుడు నా దగ్గర ఒక ఫైలు ఉంది, అందులో అన్నీ మన ఊళ్లే. ద్రాక్షారామం గుత్తుల కోసం, పి.గన్నవరం చుక్క కోసం, పైడిపర్రు ఐ గుర్తు కోసం రెండు రకాలుగానూ రాసి, ర్యాలి మొదటి అక్షరం కోసం, రాజమహేంద్రవరం పొడుగు కోసం. 2015లో ఊరి పేరు అధికారికంగా మార్చాక ఆ ఒక్క పేరుతోనే నాకు మూడు బటన్లు పగిలాయి. ఏ కొత్త సైటు కట్టినా ముందు ఈ పేర్లు దాంట్లో పోసి చూస్తాను.

చీటీల మిషన్ సంగతి మిగిలింది. ఈ చిన్న థర్మల్ ప్రింటర్లలో చాలావాటికి ఇంగ్లిష్ అక్షరాలే వచ్చు, తెలుగు పంపితే చెత్త కొడతాయి. అందుకని చీటీని క్యాన్వాస్ మీద గీసి బొమ్మగా పంపుతున్నాను. బొమ్మే కాబట్టి ఇంక కోయడం మానేశాను, మెజర్ టెక్స్ట్‌తో వెడల్పు కొలిచి, పట్టేదాకా సైజు తగ్గిస్తున్నాను. మొన్న లొల్ల లాకుల దగ్గర కనపడి బాబాయి జేబులోంచి ఒక చీటీ తీసి చూపించాడు. "డ్రైఫ్రూట్ బెల్లం పూతరేకులు" అని పూర్తిగా, ఒత్తులు సహా ఉంది. "బానే ఉందిరా, కానీ చదవాలంటే కళ్లజోడు పెట్టుకోవాల్సొస్తోంది" అన్నాడు. పెద్ద చీటీల రోలు రేటు కనుక్కోమని చెప్పాను.